కాటన్ దొర రెండు లెక్కలు

ఇంటర్మీడియెట్ పాసయిన ప్రతివాడికీ మా కోనసీమలో ఎదురయ్యే ప్రశ్న ఒకటే. ఇంజనీరింగా, కామర్సా? ఎంపీసీ వాళ్ళది ఒక దారి, సీఈసీ వాళ్ళది మరో దారి. వంతెన కట్టేవాడికి వడ్డీ లెక్కతో పని లేదనీ, వడ్డీ లెక్క కట్టేవాడికి వంతెన ఎందుకు నిలబడుతుందో తెలియనక్కర్లేదనీ మన పెద్దలు ఎప్పుడో తీర్మానించేశారు. ఈ మధ్యనే ఈ గోడకు కాస్త బీట పడింది. బిట్స్ పిలానీ వారి హైదరాబాదు క్యాంపసులో ఆర్థికశాస్త్రం ఎమ్మెస్సీతో బాటు ఇంజనీరింగు డిగ్రీ కూడా కలిపి చదువుకోవచ్చు. మన రాష్ట్రంలోనూ 2023 నుంచి డిగ్రీలో ఒక మేజరు, దాని పక్కన వేరే మైనరు తీసుకునే పద్ధతి వచ్చింది. నేను భౌతికశాస్త్రం మేజరుగా, కామర్సు మైనరుగా తీసుకున్నాను. హాస్టల్లో మిత్రులు దీన్ని రెండు పడవల మీద కాళ్ళు పెట్టడం అంటున్నారు. అననివ్వండి. మా రాజోలు వేపు వాళ్ళం మూడు పూటలా ఎవరి పుణ్యాన అన్నం తింటున్నామో ఆ మనిషి జీవితమంతా ఈ రెండు పడవల మీదే గడిచింది. అందుకే యీ సావనీరులో కాటన్ దొరగారి కథ రాయాలనిపించింది.

కాటన్ కథ మనకు కొత్తా అని పూర్వ విద్యార్థులు అడగవచ్చు. నిజమే. ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా ఏ సెంటరులో చూసినా ఆయన విగ్రహమే. గోదావరి స్నానం చేసి సంకల్పంలో ఆయన పేరు తలచుకునే పండితులున్నారు. అయితే ఆ పూలదండల కింద మనిషిని సగమే చూస్తున్నామని నా అనుమానం. ఆయన రాళ్ళు ఎలా పేర్చాడో మనకు తెలుసు. ఆ రాళ్ళకు డబ్బు ఎలా సంపాదించాడో మనలో చాలామందికి తెలియదు. ఆ రెండో సగం గురించే కాస్త ఎక్కువ చెబుతాను.

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. పదో కొడుకు. పదో కొడుక్కి ఆస్తిలో ఏం మిగులుతుందో రైతు కుటుంబాల వాళ్ళకు వేరే చెప్పాలా? పదిహేనో ఏట, 1818లో, ఈస్టిండియా కంపెనీ తన సైన్యాధికారుల కోసం అడిస్కంబ్‌లో నడిపే స్కూల్లో చేరాడు. అక్కడ గణితం, సర్వే, కోటల నిర్మాణం నేర్పేవారు. తరువాత కొన్నాళ్ళు వేల్సు ప్రాంతంలో భూమి కొలిచే పని చేసి, 1821లో మద్రాసులో దిగాడు. అప్పటికాయనకు పద్దెనిమిదేళ్ళు. నాకంటే రెండేళ్ళు చిన్న.

మద్రాసులో ఆయనకు చిక్కిన ఉద్యోగం ఏమంత గొప్పది కాదు. దక్షిణాది జిల్లాల్లో చెరువుల శాఖ. తెగిన గట్లు, పూడిన తూములు, కూలిన అలుగులు. ఏ చెరువుకు ఎంత ఖర్చవుతుంది, బాగుచేస్తే దాని కింద ఎన్ని ఎకరాలు పండుతాయి, వాటి మీద శిస్తు ఎంత వస్తుంది అన్నది రాసి పైకి పంపితే గాని దమ్మిడీ రాలేది కాదు. ఏ కాలేజీలోనూ చెప్పని కామర్సు పాఠాలు ఆయన ఆ చెరువు గట్ల మీదే నేర్చుకున్నాడని నేను అనుకుంటాను. మధ్యలో బర్మా యుద్ధానికి వెళ్ళి వచ్చాడు. అది మనకు అంత అవసరం లేదు.

ఆయన చదువులో అసలు మలుపు కావేరి. తంజావూరు డెల్టాకు రావలసిన నీరు ఏటికేడాది కొల్లడం పాయలోకి జారిపోతోంది. కావేరి పాయ మేట వేసుకుపోతోంది. పొలాలు బీడు పడుతున్నాయి. కాటన్ అక్కడ రెండువేల ఏళ్ళ నాటిదని చెప్పే కల్లణైని, అంటే కరికాల చోళుడి ఆనకట్టను పట్టి పట్టి చూశాడు. కింద రాతి పొర లేదు, ఎంత తవ్వినా ఇసకే. ఆ ఇసక మీద అన్ని వందల ఏళ్ళుగా ఒక కట్టడం ఎలా నిలిచింది? రాళ్ళు వేస్తే నీటి కోతకు ఇసకలోకి దిగుతాయి. దిగిన చోట మళ్ళీ రాళ్ళు వేస్తారు. అవీ దిగుతాయి. ఇక దిగలేనంత బరువు, వెడల్పు చేరాక ఆ రాళ్ళగుట్టే పునాది అయి కూర్చుంటుంది. ఈ సంగతి తమకు నేర్పింది ఇక్కడి పాతకాలపు పనివాళ్ళేనని కాటన్ తన రాతల్లో ఒప్పుకున్నాడు. తెల్లదొర ఆ మాట రాయడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. 1836లో కొల్లడం మీద ఎగువా దిగువా రెండు ఆనకట్టలు లేచాయి. తంజావూరు పొలాలతో బాటు సర్కారు రాబడి కూడా కోలుకుంది. ఇకమీదట ఎవరైనా ఇసకలో ఆనకట్టా అని నవ్వితే చూపించడానికి ఆయన చేతిలో ఒక కట్టడం, దాని కింద వసూలైన శిస్తు రెండూ ఉన్నాయి.

తరువాత ఆరోగ్యం దెబ్బతిని ఆస్ట్రేలియా వేపు వెళ్ళాడు. 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్‌ను పెళ్ళాడి తిరిగి వచ్చాడు. ఆయన తిరిగి వచ్చేనాటికి మన గోదావరి జిల్లా, అప్పటి మాటలో రాజమండ్రి జిల్లా, పాడుపడి ఉంది.

ఆ పాడు ఎలాంటిదో ఇవాళ కోనసీమ పచ్చదనం చూసేవాళ్ళు ఊహించలేరు. నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో వచ్చిన కరువు పేరు ఇప్పటికీ ముసలివాళ్ళ నోట వినబడుతుంది. దాని వెనకాలే 1839లో కోరంగి ఉప్పెన. జిల్లా జనాభా 1821లో సుమారు 7 లక్షల 38 వేలు. 1841కి అది సుమారు 5 లక్షల 61 వేలు. ఇరవై ఏళ్ళలో లక్షా డెబ్బై వేల మంది తగ్గారు. పోయినవాళ్ళు పోగా, మిగిలినవాళ్ళు ఊళ్ళు వదిలారు. అంతటి గోదావరి పక్కన పారుతూండగానే ఇదంతా జరిగింది. వరద రోజుల్లో గోదావరిలో ఒక్క రోజు పోయే నీరు లండను దగ్గరి థేమ్స్ నదిలో ఏడాదంతా పారే నీటితో సమానమని కాటన్ తరువాత లెక్కగట్టాడు. అంత నీరూ వానాకాలంలో లంకల్ని ముంచి సముద్రంలో కలుస్తుంది. కార్తీకం వచ్చేసరికి పొలానికి చుక్క ఉండదు.

రాబడి పడిపోయిందని కంపెనీవారికి కంగారు పుట్టింది. జనం చచ్చిపోతున్నారన్న కంగారు కంటే అది ఎక్కువని చెప్పడానికి మనం మొహమాటపడనక్కర్లేదు. హెన్రీ మంట్‌గొమరీ అనే అధికారిని విచారణకు పంపారు. తంజావూరులో చేసిన పనే ఇక్కడా చేయాలి, కాటన్‌ను పంపండి అని 1844లో ఆయన నివేదిక ఇచ్చాడు. కాటన్ వచ్చి ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా తిరిగాడు. లంకలు, పాయలు, మెరకలు, పల్లాలు అన్నీ కొలిచాడు.

సైన్సు విద్యార్థి మిత్రులు ఇక్కడ కాసేపు ఆగాలి. మామూలుగా నది పల్లంలో ఉంటుంది, పొలం మెరక మీద ఉంటుంది. డెల్టాలో అలాక్కాదు. ఏటేటా వరద వచ్చి ఒండ్రు వదిలేది ముందు ఒడ్డునే. అందువల్ల నది ఒడ్డు ఎత్తుగా పెరుగుతుంది. అక్కడినుంచి దూరం జరిగిన కొద్దీ నేల పల్లమవుతుంది. సముద్రం వేపు కూడా వాలు ఉంటుంది, మైలుకు ఒక అడుగు చొప్పున అనుకోండి. కనక డెల్టా నెత్తిన ఒక్కచోట నీటిమట్టాన్ని కొద్దిగా లేపి, ఆ ఎత్తయిన ఒడ్డుల వెంట కాలువలు తీసి వదిలితే చాలు, మిగతా పని భూమ్యాకర్షణ చేసుకుంటుంది. నీటిని తోడనక్కర్లేదు. పెద్ద కొండలాంటి డ్యామూ అక్కర్లేదు. అందుకే ఆయన అడిగిన ఆనకట్ట ఎత్తు 12 అడుగులు మాత్రమే. నదిలోని లంకలు అడ్డుకట్టలుగా కలిసొచ్చాయి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టవచ్చు. నది వెడల్పు నాలుగు మైళ్ళు ఉన్నా రాతి కట్టడం రెండుంపావు మైళ్ళలో సరిపోతుంది. అన్నిటికీ మించి ధవళేశ్వరంలో నది ఒడ్డునే కొండ ఉంది. రాయి మోసుకు రావలసిన దూరం లేదు.

ఇది ఇంజనీరు చూపు. చూడండి, ఇందులో ప్రతి ముక్కలోనూ డబ్బు దాగి ఉంది. ఎత్తు తగ్గిందంటే ఖర్చు తగ్గింది. లంక కలిసొచ్చిందంటే ఖర్చు తగ్గింది. కొండ పక్కన ఉందంటే బండి కిరాయి తగ్గింది. ఆనకట్ట ఒక్కదానికే సుమారు 4 లక్షల 75 వేల రూపాయలు అవుతుందని అంచనా వేశాడు. దాని పక్కన ఇంకో లెక్క వేశాడు. మా కామర్సు మాస్టారికి చెబితే ఎంతో ముచ్చటపడ్డారు. ఆ లెక్క ఏంటంటే, కట్టకపోతే ఎంత ఖర్చు అన్నది. కరువులో మాఫీ చేసిన శిస్తు, వసూలు కాని బకాయిలు, పారిపోయిన రైతుల బీడు భూములు, తగ్గిన జనాభా. ఇవన్నీ ఏటా పోతున్న డబ్బే, ఖర్చు కింద ఎవరూ రాయడం లేదు గాని. ఏమీ చేయకుండా కూర్చోవడం అన్నిటికన్నా ఖరీదైన పని అని కంపెనీవారికి వాళ్ళ భాషలోనే చెప్పాడు. లండనులో డైరెక్టర్లు 1846లో మంజూరు చేశారు.

ఆయన గుండెలో జాలి లేదని కాదు నా ఉద్దేశం. ఆయన దైవభక్తి, కరువు చూసి పడిన బాధ ఆయన రాతల నిండా కనబడతాయి. కాని జాలితో రాసిన అర్జీలు అంతకుముందు కూడా వెళ్ళే ఉంటాయి కదా! లాభం చూపించిన అర్జీకి డబ్బు వచ్చింది.

1847లో పని మొదలైంది. పది వేల దాకా కూలీలు పనిచేశారు. కొండ పగలగొట్టి రాయి తీయడం, ఇటుక కాల్చడం, సున్నం గానుగ ఆడించడం, ఇసకలో నూతులు దింపి వాటి మీద గోడ లేపడం. ఈ జనాన్నంతా కూడగట్టి నడిపినవాడు మన తెలుగువాడు వీణెం వీరన్న. దొర భాషను కూలీలకు, కూలీల కష్టాన్ని దొరకు తెలియజెప్పిన మనిషి ఆయనే. వీరన్న లేకపోతే ఈ పని ఇంత త్వరగా అయ్యేది కాదని కాటన్ పైవారికి రాసి పంపాడు. సర్కారు వీరన్నకు రాయ్ బహదూర్ బిరుదు ఇచ్చింది. మన పాఠ్యపుస్తకాల్లో వీరన్నకు ఇంకో నాలుగు వాక్యాలు ఎక్కువ ఇస్తే బాగుండును.

మధ్యలో 1848లో కాటన్ ఆరోగ్యం మళ్ళీ పాడైంది. ఎండలో నిలబడి చేసిన పని ఊరికే పోదు. పని కెప్టెన్ ఆర్‌కు అప్పగించి ఆయన ఆస్ట్రేలియా వెళ్ళి, 1850లో తిరిగి వచ్చాడు. 1852లో ఆనకట్ట పూర్తయింది. అసలు అంచనా ఎప్పుడో దాటిపోయింది. వరదలు కోసిన చోట మళ్ళీ మళ్ళీ రాళ్ళు వేయవలసి వచ్చింది, కాలువల ఖర్చు వేరే వచ్చింది. పైవాళ్ళు సణిగారు. అయినా రాబడి ఖర్చుకంటే ముందు పరుగెత్తింది గనక ఆ సణుగుడు నిలవలేదు. ఆ ఊపుమీదే ఆర్ చేత బెజవాడలో కృష్ణ మీద ఆనకట్ట లేచింది. 1855కి అదీ అయిపోయింది.

ఇక కాలువల మాట. ఆనకట్ట చూడ్డానికి యాత్రికులు వస్తారు గాని, నన్నడిగితే కాటన్ బుర్ర కాలువల్లో కనబడుతుంది. మధ్య డెల్టా, అంటే మన కోనసీమ, బొబ్బర్లంక దగ్గర తలుపులెత్తితే నీళ్ళు తాగుతుంది. అక్కడినుంచి వచ్చే కాలువే చీలి అమలాపురం కాలువ, గన్నవరం కాలువ వగైరాలు అవుతాయి. లొల్ల లాకులు సినిమాల్లో చూడనివాళ్ళు లేరు. పాటలో హీరోయిన్ వెనకాల కనబడే ఆ లాకు ఎందుకు కట్టారో మాత్రం మా క్లాసులో ముగ్గురికే తెలుసు. నీరు పారించడానికైతే తలుపు చాలు. లాకు కట్టింది పడవ కోసం. ఎగువ మట్టంలో ఉన్న పడవను రెండు తలుపుల మధ్య ఆపి, నీరు వదిలి, మెల్లగా దిగువ మట్టానికి దింపుతారు. అంటే ఒకే కాలువ పోయేటప్పుడు పొలానికి నీరిస్తుంది, పండిన ధాన్యాన్ని తన మీదే ఎక్కించుకుని కాకినాడకూ, రాజమండ్రికీ చేరుస్తుంది. తవ్వకం ఖర్చు ఒక్కటే, ఆదాయాలు రెండు. ధాన్యం పండితే చాలదు, మార్కెట్టుకు చేరాలి, చేరే ఖర్చు ధరను తినేయకూడదు అన్న సంగతి ఆయన కాలువ గీత గీసేటప్పుడే ఆలోచించాడు. మా తాతగారి చిన్నతనంలో కొబ్బరి, ధాన్యం పడవల మీదే వెళ్ళేవట.

మా పొలం వైనతేయకు అవతల, రాజోలు వేపు ఉంది. అది నాలుగు పక్కలా నీళ్ళున్న నగరం లంక. అటు వశిష్ఠ, ఇటు వైనతేయ, కింద సముద్రం. కాలువ అక్కడికి రావాలంటే గోదావరి పాయనే దాటి రావాలి. 1851-52లో హేగ్ అనే ఇంజనీరు గన్నవరం దగ్గర పాయ మీద 49 ఖానాల వంతెన కట్టి దాని నెత్తిమీంచి కాలువ పారించాడు. ఒక్కో ఖానా 40 అడుగులు. కింద గోదావరి, పైన గోదావరి నీళ్ళే. దాని పక్కన మన కాలంలో కట్టిన కొత్త అక్విడెక్టుకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆ గన్నవరంలోనే వచ్చినవాళ్ళకు లేదనకుండా అన్నం పెట్టిన తల్లి ఆమె. అంతకంటే తగిన పేరు దొరకదు. మా నాన్నగారు సార్వా ఊడ్చినా, దాళ్వా ఊడ్చినా ఆ నీళ్ళతోనే. ఒక చిన్న లంకకోసం అంత వంతెన కట్టడం దండగని ఆనాడు ఎవరైనా గుమస్తా కొట్టేసి ఉంటే, నేను ఇవాళ యీ వ్యాసం రాసేవాణ్ణి కాను.

లాకుల నుంచే కాటన్ జీవితంలో పెద్ద పోట్లాట పుట్టింది. ఆనకట్ట అయిన కొద్దికాలానికే దేశంలో రైళ్ళ వెర్రి మొదలైంది. ఇంగ్లండు పెట్టుబడిదార్లకు రైలు కంపెనీల్లో ఏటా 5 శాతం వడ్డీకి సర్కారు హామీ. రైలు నడిచినా నడవకపోయినా వడ్డీ మన పన్నుల్లోంచి వస్తుంది. కాటన్ 1854లో ఇండియాలో ప్రజోపయోగ నిర్మాణాల మీద పుస్తకం రాశాడు. బరువు సరుకు నీటి మీద వెళితే టన్నుకు, మైలుకు పడే ఖర్చు రైలు మీద కంటే ఎంతో తక్కువనీ, రైలు అన్నం పండించదు గాని కాలువ పండిస్తుందనీ వాదించాడు. హిమాలయాల నుంచి కన్యాకుమారి దాకా నదుల్ని కాలువలతో కలపాలన్నాడు. నదుల అనుసంధానం అని ఇవాళ పేపర్లలో చదువుతున్నామే, ఆ మాట ఆయన నోట వినబడి నూట యాభై ఏళ్ళు దాటింది. 1861లో సర్ బిరుదు ఇచ్చారు. డబ్బు మాత్రం రైళ్ళకే ఇచ్చారు.

ఇక్కడ ఒక కష్టమైన సంగతి చెప్పాలి. కాటన్‌ను దేవుణ్ణి చేసినవాళ్ళు దీన్ని దాటేస్తారు. రైళ్ళకు ఇచ్చిన హామీయే నీళ్ళకూ ఇవ్వండి, చూపిస్తాం అన్నారు ఆయన పక్షంవాళ్ళు. అలా 1858లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పుట్టింది. ఆలోచన కాటన్‌దే. పది లక్షల పౌన్ల మూలధనం, దాని మీద సర్కారువారి 5 శాతం హామీ. తుంగభద్ర నీరు రాయలసీమ మీదుగా నెల్లూరు తీరందాకా తీసుకుపోయి నీరూ అమ్మాలి, పడవలూ నడపాలి. చివరికి 1863 నుంచి 1870 దాకా సుంకేసుల ఆనకట్ట, కర్నూలు నుంచి కడపకు కాలువ మాత్రం అయ్యాయి. మూలధనం అయిపోయి సర్కారు దగ్గర అప్పు కూడా చేశారు. నీరు వచ్చింది. కొనేవాడు రాలేదు.

ఎందుకు రాలేదు? గోదావరి డెల్టా ఒండ్రు నేల, వరికి పుట్టిన నేల. అక్కడ కాలువ దారి పొడుగునా ఉన్నది చాలాభాగం నల్లరేగడి. ఆ రైతు వానమీద జొన్న, పత్తి వేసుకుంటాడు. రేగడి తనంతట తానే తేమ పట్టి ఉంచుతుంది. మామూలు ఏడాదిలో ఎకరానికి అంత నీటిరేటు కట్టి ఎందుకు తీసుకోవాలి? తీసుకుంటే పొలం చదును చేయాలి, ఎడ్లు కావాలి, ఎరువు కావాలి, పండింది అమ్మడానికి బజారు కావాలి. ఇవేవీ కంపెనీ లెక్కలో లేవు. పైగా 5 శాతం హామీ ఉన్నాక ఖర్చు తగ్గించాలన్న తొందర ఎవరికుంటుంది? 1882లో సర్కారే ఆ కాలువను కొనేసుకుంది. కాటన్ శత్రువులకు పండగ. చూశారా, గోదావరిలో వచ్చింది అదృష్టం, విద్య కాదు అన్నారు.

అది అన్యాయమని నా అభిప్రాయం. అదే కె.సి. కెనాల్ కింద ఇవాళ కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో రెండున్నర లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉంది. కట్టడం తప్పు కాలేదు. వాటాదారుడికి ఏటా వడ్డీ ఇచ్చే వ్యాపారంగా మాత్రం అది పనికిరాలేదు. గోదావరిలో ఆయన ముందు రైతు లెక్క వేసి తరువాత సర్కారు లెక్క వేశాడు. తుంగభద్ర దగ్గర వాటాదారుడి లెక్క ముందుకొచ్చి, రైతు లెక్క ఎవరో వేస్తారులే అన్నట్టు మిగిలిపోయింది. మా కామర్సు క్లాసులో గిరాకీ అంచనా అన్న పాఠం చెప్పేటప్పుడు ఎక్కడో అమెరికా కంపెనీ ఉదాహరణలు ఇస్తారు. కర్నూలు మనకు దగ్గరే.

ఇంకా దగ్గరి ఉదాహరణ మా ఊళ్ళోనే ఉంది. 2011 సార్వాకు కోనసీమ రైతులు వేలాది ఎకరాల్లో పంట విరామం ప్రకటించారు. కాలువ నిండా నీళ్ళున్నాయి. ధవళేశ్వరంలో పాత ఆనకట్ట స్థానంలో 1982కి కట్టడం పూర్తయిన బ్యారేజి, దానికి కాటన్ పేరే, నిటారుగా నిలబడి ఉంది. పది లక్షల ఎకరాలకు నీరిచ్చే ఇంజనీరింగులో లోపం లేదు. కూలి, ఎరువు, కౌలు కలిపితే ఎకరానికి పెట్టుబడి ఇంత, ధాన్యం అమ్మితే వచ్చేది అంతకంటే తక్కువ. పాత ధాన్యం కొనే నాథుడు లేడు. మురుగు కాలువలు పూడిపోయి వాన వస్తే చేలు రోజుల తరబడి మునుగుతాయి. నాకప్పుడు ఊహ తెలియని వయసు. మా నాన్నగారు ఆ ఏటి ఖర్చులు రాసిన నోటుపుస్తకం ఇప్పటికీ ఇంట్లో ఉంది. సార్వా అన్న పేజీలో పైన గీత కొట్టి వదిలేశారు. నేను కామర్సు మైనరు ఎందుకు తీసుకున్నానని అడిగేవాళ్ళకు ఆ పేజీ చూపించాలి.

కాటన్ కథకు మళ్ళీ వద్దాం. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు వచ్చింది. లక్షల మంది చచ్చిపోయారు. రైళ్ళు ఉన్నాయి గాని మోయడానికి తిండి ఉండాలి కదా. గోదావరి, కృష్ణ డెల్టాలు ఆ కరువులో నిలబడి ఇతర జిల్లాలకు ధాన్యం పంపాయి. ఇంగ్లండులో కాటన్ మళ్ళీ గొంతెత్తాడు. నర్సుల తల్లిగా మనకు తెలిసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ ఆయన పక్షాన కలం పట్టింది. 1878లో పార్లమెంటు కమిటీ ఆయన్ని పిలిపించి ప్రశ్నల మీద ప్రశ్నలు వేసింది. ఆయన వయసు డెబ్బై అయిదు. కర్నూలు కాలువ నష్టం ఎంత, ఒరిస్సా కాలువల నష్టం ఎంత అని నిలదీశారు. ఆయన గోదావరి, కావేరి అంకెలు చదివాడు, కరువులో చచ్చినవాళ్ళ లెక్క అడిగాడు. కమిటీ ఆయన మాట వినలేదు. రైళ్ళు రైళ్ళుగానే సాగాయి. ఆ పడవల దారి మన దగ్గర కూడా క్రమంగా మూసుకుపోయింది. లాకులు మిగిలాయి.

ముసలితనంలో ఆయన ఇంగ్లండులో డార్కింగ్ అనే ఊళ్ళో ఉండేవాడు. ఖాళీగా కూర్చోవడం చేతకాలేదు. మూడుచక్రాల సైకిలు తొక్కడం నేర్చుకున్నాడు. ఇంటి తోటలో చిన్న చిన్న మడులు కట్టి, నేలను మామూలుకంటే చాలా లోతుగా తవ్వించి గోధుమ వేశాడు. లోతు దుక్కికి ఖర్చెంత, దిగుబడి ఎంత పెరిగింది అని రాసుకుంటూ ఉండేవాడు. తొంభై దాటినా ఆ సేద్యం మానలేదు. 1899 జులైలో, తొంభై ఆరో ఏట అక్కడే చనిపోయాడు. మరుసటి ఏడాది ఆయన కూతురు లేడీ హోప్ ఆ కాగితాలన్నీ దగ్గర పెట్టుకుని తండ్రి జీవితచరిత్ర అచ్చువేయించింది. అందులో గోదావరితో బాటు ఆ గోధుమ మడుల కథ కూడా ఉంది.